పగలని అద్దం

"మకాబె తనే చేశానని ఒప్పేసుకున్నాడు కదండీ. ఇంకా నా ప్రాణం ఎందుకు తోడేస్తారు?" అన్నాడు ఉకాయ్, కారు కింద నుంచి తల బయట పెట్టకుండానే.

కనిపించేవి రెండు కాళ్ళు. కాళ్ళతో మాట్లాడే అలవాటు టోకివా ఫుమియెకి లేదు. ఆయన పడుకున్న చక్రాల పలకకి బూటు కొస తగిలించి ఇవతలికి లాగింది. చేతిలో పానాతో సహా ఉకాయ్ మొత్తం వెలుతురులోకి వచ్చేశాడు.

"ఇప్పుడు చెప్పండి," అంది.

పోలీసు ఉద్యోగం వదిలిన రోజున టోకివా టోపీ, ఈల, గుర్తింపు కార్డు అన్నీ శుభ్రంగా తుడిచి మరీ అప్పగించింది. కోపాన్ని మాత్రం అప్పగించలేదు. సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్న ఈ తొమ్మిదేళ్ళూ అదే ఆవిడకి అసిస్టెంటు. ఈ వారం దానికి చేతినిండా పని.

ఆదివారం పొద్దున్న, అప్పుడప్పుడే వెలుగు వస్తుండగా, నారింజ తోటల కొండదారిలో కజికి హత్సు అనే ముసలావిడని ఏదో కారు గుద్దేసి పోయింది. ఆవిడ తోటలో కోసిన పళ్ళని రోడ్డు పక్క తన చిన్న కొట్లో పెట్టడానికి మోసుకెళ్తోంది. చాలాసేపటికి పేపరు వేసే ఆయన వచ్చి చూశాడు. అంతవరకూ ఆవిడ తన పళ్ళ మధ్యే పడి ఉంది. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది, స్పృహ లేదు. పోలీసులకి రోడ్డు మీద దొరికింది ఒక అద్దం ముక్క, దాని మెరుగు తొడుగు. అలాంటి అద్దం ఇసోబె పట్నం మొత్తంలో ఒకే ఒక్క కారుకి ఉంది. యాభై ఏళ్ళనాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. తుప్పు ముద్దగా ఉన్నదాన్ని కొనుక్కొచ్చి, ఉద్యోగంలో సగం కాలం, రిటైరయ్యాక మొత్తం కాలం దానికే ధారపోసి మళ్ళీ కారు చేసిన పెద్దమనిషి మకాబె. ఆ సాయంత్రం పోలీసులు వెళ్ళేసరికి కారు షెడ్డులోనే ఉంది, ఎడమ వైపు సొట్టతో. మకాబె ఏమీ అడిగించుకోలేదు. "నేనే," అని రెండు చేతులూ చాచాడు.

ఇవాళ సాయంత్రం ఆయన్ని ప్రాసిక్యూటరు ముందు పెడతారు. అక్కడ కూడా "నేనే" అన్నాడంటే ఇక ఆ మాటని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

"ఆదివారం పొద్దున్న మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. ఒక్కణ్ణే. పెళ్ళి చేసుకోనివాడికి సాక్షులెక్కడి నుంచి తెమ్మంటారు?"

"పోనీలెండి, ఒక ఆడమనిషైనా సుఖపడింది. మకాబె షెడ్డు తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయి?"

"ఒకటి ఆయన దగ్గర, ఒకటి కూతురింట్లో. కారు తాళం షెడ్డులోనే మేకుకి వేలాడుతుంది." ఉకాయ్ లేచి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "దొంగెవడో ఎత్తుకెళ్ళాడని కథ అల్లుతున్నారేమో. కుదరదు. ఆ కారులోకి చెప్పులతో ఎవరూ ఎక్కరు. అది మకాబె పెట్టిన మడి. మా పాతకార్ల క్లబ్బులో ఎవరి బండైనా అంతే, విప్పి ఎక్కుతాం. పోలీసులు లోపలంతా చూశారు, ఒక్క మట్టి రేణువు లేదు. దొంగెక్కడైనా చెప్పులు విప్పి ఎక్కుతాడా?"

"అంటే గుద్దినవాడు చెప్పులు విప్పి ఎక్కాడు."

"అందుకే మకాబె అంటున్నాను."

"అందుకే మీ క్లబ్బు అంటున్నాను."

ఉకాయ్ మొహం కందగడ్డలా అయింది. "ముప్ఫై ఏళ్ళ స్నేహితుణ్ణి! ఆ బండికి ఇంజను కట్టింది నేను. కొత్తరకం బ్రేకులు వేసింది నేను. అద్దాలొక్కటే ఆయన మార్చనివ్వలేదు గానీ, మిగతాదంతా నా చేతి పనే. అమ్మెయ్యి మహానుభావా, విదేశాల వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకెళ్తారు అని ఎన్నిసార్లు చెప్పానో. ప్రతిసారీ టీ ఇచ్చి పంపించేశాడు."

"ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు లాకప్పులో ఉంటే చూడ్డానికి వెళ్ళారా?"

"పని తెమలడం లేదు. ఈ ఓనరు తొందరపెడుతున్నాడు."

"అలాగే, తెముల్చుకోండి," అంది టోకివా. ఆయన మళ్ళీ పడుకోగానే అదే బూటు కొసతో పలకని కారు కిందికి తోసేసి వచ్చేసింది.

* * *

మకాబె ఇంటి గేటు దగ్గర చిజురు నిలబడి ఉంది. కూతురు. టోకివాని కుదుర్చుకున్నదీ ఆవిడే. మొదటి రోజున నమస్కారానికి బదులు, "మా నాన్న అబద్ధమాడుతున్నాడు, ఎందుకో కనుక్కోండి," అన్న మనిషి. పక్కన ఆవిడ భర్త షూగో, అందరికీ పనికొస్తాయని కొన్న టీ సీసాల సంచీ పట్టుకుని. పోలీసులకి కూడా లెక్కేసి కొన్నట్టున్నాడు, సంచీ బరువుకి చెయ్యి కిందికి లాగేస్తోంది.

"ఆయన్ని ఇక్కడికే తీసుకొస్తున్నారట," అంది చిజురు. "ఎలా ఎక్కాడో, ఎలా నడిపాడో చేసి చూపించాలట. నడుముకి తాడు కట్టి. వీధి వీధంతా కిటికీల్లోంచి చూస్తోంది. చూడనివ్వండి. పద్దెనిమిదేళ్ళు ఆ షెడ్డులోంచి బయటికి రాని మనిషిని వీళ్ళు కూడా చూసి చాలా కాలమైంది."

"మీ నాన్నగారు గుద్దేసి పారిపోయే రకం కాదని మీకంత నమ్మకమెందుకు?"

"నమ్మకమా? ఆయనకి ఆ కారు 'పెద్దమ్మాయి'. అందరి ముందూ అలాగే పిలుస్తాడు. నేను రెండోదాన్ని. మా అమ్మ పోయిన ఏడు కూడా దాని తలుపులకి రంగు వేశాడు. ఇలాంటి మనిషిని నేనెందుకు వెనకేసుకొస్తాను చెప్పండి? కానీ నడివీధిలో పిల్లి చచ్చి ఉంటే దిగి, పేపర్లో చుట్టి, పక్కన పాతిపెట్టి వచ్చేవాడు. ఆయన వదిలెయ్యడు. నన్ను తప్ప దేన్నీ వదిలెయ్యలేదు."

"చిజురూ," అన్నాడు షూగో మెల్లిగా. "ఆయనే ఒప్పుకున్నప్పుడు మనం ఇలా లాగడం..."

"నువ్వు టీలు పట్టుకో."

షెడ్డు ముందు కాపలా ఉన్న కానిస్టేబుల్ మినో ఒకప్పుడు టోకివా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆవిడని చూడగానే ముఖం చిట్లించాడు. "మేడమ్, లోపలికి ఎవరినీ పంపొద్దన్నారు."

"నిన్నెవరు పంపమన్నారు? నేనే వెళ్తాను."

మినో ఒక్క క్షణం ఆలోచించి, ఎదురింటి పూలకుండీలని చూడ్డం మొదలుపెట్టాడు.

కారు గోడకి మూతి పెట్టి ఉంది. ఇక్కడ ఎవరైనా వెనక్కి నడిపి పెడతారు, మూతి వీధి వైపుంటుంది. మకాబె అయితే అంగుళం తేడా రానివ్వడని ఉకాయే ఒకప్పుడు క్లబ్బు పత్రికలో రాశాడు. అయితే దీనికి కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ ఒనొదెరా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. పగిలిన మూతి వీధికి కనిపించకుండా దాచాడు అంటాడు. నిజమే కూడా. టోకివా దాన్ని పక్కన పెట్టింది.

కారు నిజంగా బాగుంది. అది ఆవిడ కోపాన్ని ఇంకాస్త పెంచింది. పొడవాటి ముక్కు, చిక్కటి ఆకుపచ్చ రంగు, రంగులో చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు అన్నంత మెరుపు. ఆ మెరుపులో ఎడమ పక్క చక్రం పైన సొట్ట. ఇప్పటి కార్లలా అద్దాలు తలుపుకి కాదు, ముక్కు మీద, చెరో పక్కన కొమ్ముల్లా ఉన్నాయి. ఎడమ కొమ్ము విరిగిపోయి మొండి మిగిలింది. దాని చుట్టూ పోలీసులు సుద్దతో గీతలు గీసి, నంబరు చీటీ పెట్టి, అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశారు. కుడి అద్దం చెక్కు చెదరలేదు. దాని జోలికి ఎవరూ పోలేదు. ఇంట్లో పగిలిన గాజుగ్లాసుకి జరిగినంత విచారణ పగలని గ్లాసుకి ఎప్పుడూ జరగదు.

టోకివా బూట్లు విప్పింది. తలుపు తీసి, మేజోళ్ళతో లోపల కూర్చుంది. సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంది. మకాబె గుమ్మాల దగ్గర తల వంచుకునేంత పొడుగు. టోకివా కూడా ఆడవాళ్ళలో బాగా పొడుగే. కాళ్ళు హాయిగా చాపుకుంది. స్టీరింగు పట్టుకుంది. కుడి పక్క అద్దంలోకి చూసింది.

నేల కనిపించింది.

నేల, దాని మీద నూనె మరక, గోడ వారగా రంగు డబ్బా అడుగు భాగం. వీధి లేదు, గేటు లేదు. ఆవిడ తల అటూ ఇటూ కదిపింది. ఎంత కదిపినా రంగు డబ్బాయే.

టోకివా వాళ్ళ నాన్న టాక్సీ నడిపేవాడు. ఆ టాక్సీకీ అద్దాలు ఇలాగే ముక్కు మీద ఉండేవి. సీట్లో కూర్చున్నవాడికి చెయ్యి అందదు. పొద్దున్నే ఆయన లోపల కూర్చుని వేలితో పైకి, కిందికి, చాలు అని సైగ చేస్తుంటే, స్కూలుకి పోయే ముందు తను బయట నిలబడి అద్దం తిప్పేది. దానికి రెండు తలకాయలు కావాలి. లోపల ఒకటి, బయట ఒకటి.

"ఎంత దర్జాగా కూర్చున్నారండీ!"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ ఒనొదెరా. సూటు మీద ఒక్క ముడత లేదు. టోకివా వెళ్ళిపోతే ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నవాడు. ఆ కుర్చీ ఎత్తు ఇప్పటికీ తనకి సరిపోలేదన్నట్టు ఆవిడ కనిపించినప్పుడల్లా భుజాలు నిక్కిస్తాడు.

"పోలీసు సీలు వేసిన బండిలో బయటివాళ్ళు కూర్చోవడం ఏ సెక్షను కిందికి వస్తుందో మీకు నేను చెప్పాలా మేడమ్‌గారూ?"

"చెప్పక్కర్లేదు. నీకు ఆ సెక్షను నేర్పింది నేనే. అప్పుడు కూడా తప్పు నంబరు రాశావు."

మినో దగ్గొచ్చినట్టు నటించాడు.

ఒనొదెరా వెనక మకాబె. నడుముకి నీలం తాడు, దాని రెండో కొస ఇంకో కానిస్టేబుల్ చేతిలో. మూడు రోజుల్లో ముసలాయన మొహం పీక్కుపోయింది. కూతుర్ని చూశాడు, చూడనట్టు తల తిప్పేసుకున్నాడు. చిజురు మాత్రం చూపు తిప్పలేదు.

"దిగండి," అన్నాడు ఒనొదెరా. "పెద్దాయన చేసి చూపించాలి. ఫొటోలు తీసుకుంటే పనైపోతుంది. సాయంత్రానికి ఆయన ప్రశాంతంగా..."

"ప్రశాంతంగా!" టోకివా దిగింది. "ఒక ముసలావిడ రోడ్డు మీద పడి ఉంటే ఎవడో వెళ్ళిపోయాడు. వాడు ఊళ్ళో టీ తాగుతూ తిరుగుతున్నాడు. నువ్వు ఇంకో ముసలాయన్ని తాడు కట్టి ఊరేగిస్తున్నావు. నీకు ప్రశాంతత కావాలి."

"ఆయన ఒప్పుకున్నాడు!"

"ఒప్పుకున్నవాణ్ణి అడగాల్సిన ప్రశ్నలు ఇంకా ఎక్కువుంటాయి. ఒక్కటి అడగనీ. నీ ముందే."

ఒనొదెరా భుజాలు ఎగరేశాడు. అడక్కపోతే ఆవిడ కదలదని అతనికి తెలుసు.

మకాబె చెప్పులు విప్పి, తాడుతోనే, అలవాటైన చోటికి జారినట్టు సీట్లో కూర్చున్నాడు. చేతులు స్టీరింగు మీదికి వాటంతట అవే వెళ్ళాయి.

"మకాబె గారూ," అంది టోకివా కిటికీ దగ్గర వంగి. "గుద్దేశాక అద్దంలోకి చూశారా?"

"చూశాను."

"ఏం కనిపించింది?"

"ఆవిడ. రోడ్డు మీద." అన్నాడు. "పళ్ళు."

"ఎడమ అద్దం విరిగిపోయింది. అంటే కుడి అద్దంలో."

"అవును."

"ఇప్పుడు చూసి చెప్పండి. ఏం కనిపిస్తోంది?"

ఆయన చూడలేదు. మెడ అటు తిరగలేదు. ఎదురుగా గోడనే చూస్తూ, "గేటు," అన్నాడు. "వీధి."

"చూడకుండానే?"

"నా కారు. చూడక్కర్లేదు."

"ఒనొదెరా, ఆయన్ని దింపి నువ్వు కూర్చో. ముందు బూట్లు విప్పు, ఇది నీ ఆఫీసు కాదు."

ఒనొదెరా పళ్ళు కొరుక్కుంటూ ఎక్కాడు. మేజోడుకి బొటనవేలి దగ్గర చిరుగు. దాన్ని చూడనట్టు ఉండటానికి ఇద్దరు కానిస్టేబుళ్ళు చాలా కష్టపడ్డారు. అద్దంలోకి చూశాడు. వంగాడు, నిటారుగా అయ్యాడు, మళ్ళీ వంగాడు.

"డబ్బా," అన్నాడు చివరికి.

"డబ్బా. నీకంటే చెయ్యెడు పొడుగున్న మకాబె గారికి అది కూడా కనిపించదు. ఈ అద్దం ఆయన తలకి పెట్టింది కాదు. బాగా పొట్టి మనిషి సీటు ముందుకి లాక్కుని కూర్చుంటే, వాళ్ళ తలకి పెట్టింది. గుద్దినవాళ్ళు వెనక్కి వచ్చి కారు తుడిచారు, సీటు వెనక్కి తోశారు. అద్దం మాత్రం మళ్ళీ ఆయనకి సరిపెట్టలేకపోయారు. ఎందుకంటే దానికి ఆయన తలకాయే కావాలి. ఆయన్ని పిలిచి కూర్చోబెట్టలేరు కదా!"

"మా వాళ్ళు తగిలి కదిలి ఉండొచ్చు."

"కదిపి చూడు."

ఒనొదెరా దిగి అద్దం పట్టుకుని తోశాడు. కదల్లేదు. రెండు చేతులతో తోశాడు. మకాబె నోట్లోంచి, తాడు సంగతి మర్చిపోయి, "జాగ్రత్త!" అన్న మాట వచ్చేసింది. ఇంజను అదురుకి జారిపోకుండా ఆయన దాన్ని అడుగు నుంచి బిగించి పెట్టుకున్నాడు.

"సరే," అన్నాడు ఒనొదెరా. "ఒక్కడే నాలుగుసార్లు దిగి ఎక్కి సరిచేసుకుని ఉండొచ్చు."

"అలా చేస్తే ఉజ్జాయింపుగా వస్తుంది. ఇది కచ్చితంగా ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. కచ్చితంగా ఉంటే ఇద్దరున్నారు. ఒకరు లోపల కూర్చున్నారు, ఒకరు బయట నిలబడి తిప్పారు. ఆ బయట నిలబడ్డవాడికి ఇలాంటి బండ్లంటే పిచ్చి. కొత్త కారు నడిపే ఎవరికీ ఇలా ముందుకెళ్ళి అద్దం తిప్పాలని తోచదు, మీట నొక్కితే తిరుగుతుందనుకుంటారు. వీడికి మాత్రం అద్దం సరిచెయ్యకుండా బండి కదిలించడానికి మనసొప్పలేదు. దొంగతనంగా తీసిన బండిలోకి చెప్పులు విప్పి ఎక్కారు ఒనొదెరా! అంత మర్యాదస్తులు. ఇద్దరు! ఆవిడని ఇద్దరు చూశారు, ఇద్దరూ వెళ్ళిపోయారు!"

చివరి మాటలకి ఆవిడ గొంతు పెద్దదై షెడ్డు రేకుల్లో మోగింది. ఎదురింటి కిటికీ ఒకటి టప్పున మూసుకుంది.

ఒనొదెరా అద్దాన్ని చూశాడు. సీటుని చూశాడు. తర్వాత చాలా మెల్లిగా తల తిప్పి గుమ్మంలో నిలబడ్డ చిజురు వైపు చూశాడు. పాదాల నుంచి తల దాకా, కొలత తీసుకుంటున్న దర్జీలాగా.

టోకివాకి అప్పుడు అర్థమైంది, తనేం చేసిందో.

"అమ్మా, మీరొకసారి కూర్చోండి," అన్నాడు ఒనొదెరా.

"ఎక్కొద్దు!" మకాబె అరిచాడు. తాడు బిగుసుకుంది. "దాన్నెందుకు ఎక్కిస్తారు? నేనే చేశానని చెప్పాను కదా! ఎన్నిసార్లు చెప్పాలి? రాసుకున్నారుగా! సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే తీసుకెళ్ళండి నన్ను!"



"నాన్నా," అంది చిజురు. ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. "నేననుకున్నావా?"

మకాబె నడుముకున్న తాడు సర్దుకున్నాడు.

"ఆదివారం తెల్లారకుండానే చేపలు పట్టడానికి వెళ్ళి వచ్చావు. షెడ్డు తీశావు. కారు చూశావు. ఈ అద్దం చూసి, నేననుకున్నావా?"

"పొట్టివాళ్ళకి పెట్టి ఉంది," అన్నాడాయన నేల చూస్తూ. "ఇంకో తాళం మీ ఇంట్లో ఉంది. కారుని సముద్రంలోకి తోసేస్తానన్నావు, మొన్ననే."

"అన్నాను! అది కోపం! కోపంలో అనేది వేరు. ఆవిణ్ణి రోడ్డు మీద వదిలేసి ఇంటికొచ్చి నేను కూర వండుకుంటాననుకున్నావా? ఫోన్ చేసి అడగలేకపోయావా? కారులో ఏ బోల్టు ఎంత వదులైందో, ఏ గీత ఎప్పుడు పడిందో చెప్తావు. నన్ను ఒక్కమాట అడగడానికి నీకు నోరు రాలేదు. జైలుకి పోవడం తేలికనిపించింది!"

"నిన్ను పంపలేను కదా," అన్నాడు ముసలాయన.

చిజురు చెప్పులు కాలితో విసిరికొట్టింది. ఒకటి వెళ్ళి రంగు డబ్బాకి తగిలింది. వెళ్ళి సీట్లో కూర్చుని, కింద కడ్డీ పట్టుకుని సీటు ముందుకి లాక్కుంది. కుడి పక్కకి చూసింది.

"ఏం కనిపిస్తోందమ్మా?" అన్నాడు ఒనొదెరా.

"గేటు," అంది. "గేటు, వీధి, ఎదురింటి గోడ. అన్నీ. సరిగ్గా మధ్యలో."

"కచ్చితంగా?"

"కచ్చితంగా."

ఒనొదెరా టోకివా వైపు తిరిగాడు. నవ్వలేదు గానీ, నవ్వితే బాగుండేదనిపించింది ఆవిడకి. "మీరు నేర్పిన పాఠమే మేడమ్‌గారూ. ఇద్దరున్నారు. కూతురు లోపల కూర్చుంది. బండి పిచ్చి ఉన్న తండ్రి బయట నిలబడి తిప్పాడు. అందుకే ఆయన ఒప్పుకున్నాడు. నా దగ్గర ఒక నేరస్థుడే ఉన్నాడనుకున్నాను. మీ దయవల్ల ఇద్దరయ్యారు. మినో, ఆవిణ్ణి దింపు."

టోకివాకి అరికాళ్ళ నుంచి మంట లేచింది. ఎవరి కోసం వచ్చిందో ఆ మనిషి మెడకే తాడు పేని ఇచ్చింది.

"దిగను," అంది చిజురు. "ఆగండి."

ఆవిడ ఇంకా అద్దంలోకే చూస్తోంది. మొహంలో కోపం పోయింది. పోయి, దాని చోట ఇంకేమీ రాలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మా ఇంట్లో కారొకటే. పదకొండేళ్ళుగా ఇద్దరం నడుపుతున్నాం. పెళ్ళిలో ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరిదీ ఒకే ఎత్తు, తలల మీద బల్ల వేసి నీళ్ళ గ్లాసు పెట్టినా ఒలకదని అందరూ నవ్వారు. ఆయన నడిపాక నేను ఎక్కుతాను, నేను నడిపాక ఆయన ఎక్కుతాడు. ఇన్నేళ్ళలో నేను సీటు జరపలేదు. అద్దం ఒక్కసారి కూడా ముట్టుకోలేదు." అద్దం వైపు వేలు చూపింది. "ఇంకోటి కూడా కనిపిస్తోంది ఇందులో. టీల సంచీ గేటు దగ్గర కింద పెట్టాడు. మా కారు ఎక్కుతున్నాడు."

అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు.

షూగో స్టీరింగు ముందు కూర్చుని జేబులు తడుముకుంటున్నాడు. కుడి జేబు, ఎడమ జేబు, మళ్ళీ కుడి. చిజురు దిగి, మేజోళ్ళతోనే, కంకర మీద నడిచి వెళ్ళింది. నడుస్తూ తన చేతిసంచీలోంచి కారు తాళం తీసి, కిటికీ అద్దానికి ఆనించి చూపించింది.

"ఇది వెతుకుతున్నావా?"

షూగో తలుపు కొద్దిగా తీశాడు. తియ్యకపోతే బాగుండేదని అతని మొహమే చెప్తోంది. "చూపిద్దామనే చిజురూ. కొనేవాళ్ళు వీడియో అడిగారు, బండి నడుస్తున్నట్టు. మామయ్యగారు ఎలాగూ అమ్మరు, అన్నీ కుదిరాక చెబితే ఒప్పుకుంటారని ఉకాయ్ గారు... నాకు ఆ బండి అలవాటు లేదు. మలుపులో..."

"అద్దం తిప్పింది ఉకాయ్ గారా?"

తల ఊపాడు.

ఒనొదెరా, టోకివా ఒకేసారి కారు దగ్గరికి చేరారు. వెనకే తాడు చివర కానిస్టేబుల్‌ని లాక్కుంటూ మకాబె. ఎవరూ ఎవర్నీ ఆపలేదు.

"ఆగారా?" అంది టోకివా. గొంతు ఎంత తగ్గిందో అంత భయంగా ఉంది. "గుద్దాక ఆగారా?"

"ఆగాం. ఒట్టు, ఆగాం! నాకు భయమేసి దిగలేకపోయాను. ఉకాయ్ గారు దిగారు. ఆవిడ ఏదో అంటోంది, నాకు లోపలికి వినపడింది. ఆయన వంగి చూశారు. చాలాసేపు చూశారు."

"ఆవిణ్ణా?"

షూగో మామగారి వైపు చూడలేక స్టీరింగు వైపు చూశాడు.

"కారుని. చూసి వచ్చి కూర్చున్నారు. 'కంగారు పడకు, అద్దమే పోయింది. అలాంటిది నా దగ్గర ఇంకోటుంది, పోనీ,' అన్నారు."